ఉమ్మడికప్పు క్రింది వ్యాజ్యములు



గట్టు తగవును, బోదె తగవును, సరిహద్దు తగవును మీరెఱుఁగనివి కావు. పొరుగువాని దొడ్డిమీఁదికి వంగిన కొబ్బరిచెట్టునుండి రాలిన కాయ యెవరిదని మన కోనసీమ రచ్చలలో ఎన్ని సాయంకాలములు గడచినవో మీకే తెలియును. అవి యన్నియు నేలమీఁద ప్రక్కప్రక్కల నుండువారి తగవులు. నేఁడు నేను చెప్పఁబోవునది యొకరి నెత్తిమీఁద నొకరు కాపురముండువారి తగవు.

నా బాల్యమున అమలాపురములో మేడ యనఁగా నొక్క యంతస్తు మేడయే. అదియు కలిగినవారికే యుండెడిది. నేఁడు కొబ్బరిచెట్ల తలలను మించి కట్టడములు లేచినవి. ఒక్కొక్క కట్టడములో పది యిండ్లు, ఇరువది యిండ్లు. వానిని అపార్టుమెంటులనియు, అందలి యొక్కొక్క యింటిని ఫ్లాటనియు మనవారనుచున్నారు. మీలో ననేకులు తోఁటలో అరయెకరమో ఎకరమో అమ్మి, కొడుకునకో కూఁతునకో హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో ఫ్లాటు కొనియిచ్చినవారే. కొనునప్పుడు గదుల కొలతలు చూచితిరి, తూర్పు వాకిలియా పడమటి వాకిలియా యని చూచితిరి. దస్తావేజులో నేల విషయమై యేమి వ్రాసిరో చదివినవారు తక్కువ. అందులో ఇన్ని గజములు అవిభక్తభాగమని యుండును. ఆ గజములు మీవే కాని, ఇదిగో ఇక్కడనున్నవని వ్రేలు పెట్టి చూపుట యెవరితరమును గాదు. గదుల లోపలిది మీది. పునాదియు, స్తంభములును, మెట్లును, నీటితొట్టియు, మోటారును, లిఫ్టును, పైకప్పును అందఱివి. ఆ అందఱి సొత్తును కనిపెట్టుటకు ఇంటివారెల్లరు చేరి యొక సంఘము పెట్టుకొందురు. ఆ సంఘమునకును దానిలోని సభ్యునకును పుట్టు వ్యాజ్యముల చరిత్రమే నా ప్రసంగవిషయము.

నిన్న మొన్న వచ్చినదానికి చరిత్రమేమని మీరనవచ్చును. కొంతకాలము క్రిందటి వఱకు నేనును అట్లే యనుకొంటిని.

అమలాపురములో నొక వీథిలో పదునైదు కాపురములున్న కట్టడ మొకటి కలదు. దాని సంఘమునకు కార్యదర్శి నాయొద్ద చదువుకొన్నవాఁడు. ఒక యాదివారము సాయంకాలమున అతఁడు నన్నుఁ బిలిపించి, “మాస్టారండీ, నెలవారీ చందా కట్టనివాళ్లకి మీరు నాలుగు మంచిమాటలు చెప్పాలండి. శాస్త్రంలో ఏమైనా ఉంటే అది కూడా చదవండి” అని కోరెను. శాస్త్రమున్నదని నాకుఁ దెలియును. యాజ్ఞవల్క్యస్మృతి పుస్తకము చంకఁబెట్టుకొని పోయితిని. మెట్ల క్రింద కుర్చీలు వేసికొని యందఱు కూర్చుండిరి. చందా కట్టనివారిలో ముఖ్యురాలు క్రింది యంతస్తున ఒంటిగా నుండు నొక పెద్దమ్మగారు. ఏడు నెలల సొమ్ము నిలిచిపోయినదఁట. లిఫ్టు మరమ్మతుకు వేసిన వంతు తాను కట్టననియు, తాను లిఫ్టు ఎక్కుటయే లేదనియు ఆమె వాదము. సంఘమువా రేమి చేసిరనఁగా, ఆమె యింటికిఁబోవు నీటి గొట్టమును మూసివేసిరి. మూఁడు దినములనుండి ఆమె వీథి కుళాయినుండి బిందెతో నీళ్లు మోసికొనుచుండెను. ఈ నీటి సంగతి నాకు ముందుగా నెవరును చెప్పలేదు.

నేను పుస్తకము తెఱచి సంవిద్వ్యతిక్రమ ప్రకరణమును తీసితిని. సంవిత్తనఁగా పదిమంది చేరి చేసికొన్న కట్టుబాటు; వ్యతిక్రమమనఁగా దానిని దాఁటుట. మనువు లెక్కించిన పదునెనిమిది వ్యవహారపదములలో నిదియు నొకటి. నారదుఁడు దీనినే సమయానపాకర్మ యనెను. ఋణము తీర్పకపోవుట, దొంగతనము, సరిహద్దు వివాదము మొదలగువాని సరసనే యిదియు రాజు విచారింపవలసిన తగవులలోఁ జేరినది. గణమునకు మేలుచెప్పువారి మాటను గణములోనివారందఱు నడపవలెననియు, ప్రతికూలుఁడైనవాఁడు దండ్యుఁడనియు యాజ్ఞవల్క్యుఁడు చెప్పినదానిని చదివి యర్థము చెప్పితిని. కార్యదర్శి సంతోషముతో తల యూఁచెను.

అప్పుడాపెద్దమ్మగారు లేచి, “మాస్టారండీ, సంఘం మాట విననివాళ్లకి దండన రాశారు, బాగానే ఉందండి. లెక్క చూపించని సంఘానికి ఏం దండన రాశారో అది కూడా చదవండి, వింటాం” అనెను.

నేను నలుబది యేండ్లు పాఠము చెప్పినవాఁడను. ఇంతసూటి ప్రశ్న తరగతిలో నాకు ఎదురైనట్లు జ్ఞాపకము లేదు. సిగ్గుపడవలసినదేమనఁగా, ఆమె యడిగినది నేను చదివిన శ్లోకమునకు రెండు శ్లోకముల యవతల, నా కన్నుల యెదుటనే యున్నది. గణకార్యమునకై పోయినవాఁడు తనకు లభించినదానిని గణమునకుఁ దెచ్చి యొప్పగింపవలెను. తానై యొప్పగింపనిచో దానికి పదునొకండు రెట్లు ఇప్పింపవలెను. గణద్రవ్యము నపహరించువాఁడును, కట్టుబాటు నుల్లంఘించువాఁడును ఒక్క శ్లోకములోనే ప్రక్కప్రక్కల నిలువఁబెట్టఁబడినారు. ఇరువురకును సర్వస్వహరణము, దేశమునుండి వెడలఁగొట్టుట. గణకార్యములను చింతించువారు ధర్మజ్ఞులును, శుచులును, లోభము లేనివారును గావలెనని యొక నియమము. ఇదంతయు చదువక తప్పినది కాదు. చదివితిని. మెట్ల క్రింద కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ ప్రకరణమును మొదటినుండి మరల చూచితిని. మన తెలుఁగువారికి ఈ గ్రంథముతో నున్న సంబంధము సామాన్యమైనది కాదు. కల్యాణినగరమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున, అనఁగా 1076 మొదలు 1126 వఱకుఁ గల కాలమున, విజ్ఞానేశ్వరుఁడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. పదుమూఁడవ శతాబ్దమున, తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, ఆ విజ్ఞానేశ్వరుని ధర్మశాస్త్రమును తెలుఁగు పద్యములలోఁ బెట్టి విజ్ఞానేశ్వరీయము రచించెను. రాజాస్థానపు పండితునకే కాక తెలుఁగు చదువనేర్చినవానికెల్ల వ్యవహారధర్మము తెలియవలెనని యతని తలంపు కాఁబోలును. ఇంగ్లీషువారి న్యాయస్థానములు వచ్చిన పిదపను వారసత్వ విషయమున మనకు మితాక్షరయే ప్రమాణమైనది. దాయభాగ మొక్కటే నిలిచి, కట్టుబాటుల ప్రకరణము మాత్రము మూలఁబడినది. మూలఁబడినదానికే నేఁడు పని తగిలినది.

ఆ ప్రకరణములోని యొక మాట మిక్కిలి విలువైనది. తన ధర్మమునకు విరోధము గాని సామయికధర్మమును, అనఁగా కట్టుబాటువలన నేర్పడిన ధర్మమును, యత్నముతో కాపాడవలెను; రాజు చేసిన ధర్మమును నట్లే కాపాడవలెను. కట్టుబాటునకు బలము కలదు, కాని దానికొక హద్దు కలదు. దండించు నధికార మెవరిదనఁగా రాజుది. వెడలఁగొట్టుమని చెప్పినది రాజునకుఁ గాని సంఘపు కార్యదర్శికిఁ గాదు.

బృహస్పతిస్మృతి మనకు సంపూర్ణముగా దక్కలేదు. తరువాతి నిబంధకారు లుదాహరించిన శ్లోకములను ఏరి కూర్చినదే నేఁడు మనకున్నది. కూర్చినవారు కె. వి. రంగస్వామి అయ్యంగారు, అది 1941లో బరోడానుండి వెలువడెను. అందులో సంఘములనుగూర్చి చెప్పిన భాగము చదివినప్పుడు, ఈతఁడు మన అపార్టుమెంటులో కాపురముండి వ్రాసినాఁడా యని నాకుఁ దోఁచినది. పదిమంది చేరి చేయవలసిన పనులు ఏవనఁగా సభామంటపము, చలిపందిరి, దేవాలయము, చెఱువు, ఉద్యానము, వీనిని బాగుచేయుట; దిక్కులేని పేదలను ఆదుకొనుట. సమూహమునకు హితము చెప్పుటకు ఇద్దఱనో ముగ్గురనో అయిదుగురనో నియమింపవలెను. తప్పు చేసినవానిని ఆ ముఖ్యులు మాటతో మందలింపవచ్చును, ధిక్కరింపవచ్చును, తమలోనుండి విడువవచ్చును. స్వధర్మము తప్పక వారు చేసినదానిని రాజు ఒప్పుకొనవలెను. ఇంతవఱకు కార్యదర్శి పక్షము. తరువాత వచ్చునది పెద్దమ్మగారి పక్షము: ద్వేషముతో అందఱు కూడి యొక్కనిని బాధించిరేని రాజు వారిని వారింపవలెను, మానకున్న శిక్షింపవలెను. ముఖ్యులకును సమూహమునకును వివాదము పుట్టినప్పుడు రాజు విచారించి వారిని స్వధర్మమున నిలుపవలెను.

చూచితిరా, సంఘమునకును సభ్యునకును వ్యాజ్యము వచ్చునని ఆ కాలమువారికే తెలిసియున్నది. ఒక్కనివలన పదిమందికి హాని కలుగుటయును, పదిమందివలన ఒక్కనికి హాని కలుగుటయును రెండును వారు చూచినవే.

కౌటిల్యుని మాటయు నొకటి చెప్పి ముందునకుఁ బోయెదను. అర్థశాస్త్రము చిరకాలము కనఁబడక, మైసూరులో శామశాస్త్రిగారి చేతఁబడి 1909లో అచ్చయినది. అందులో గృహవాస్తుక ప్రకరణమున ఉమ్మడి యిండ్ల సంగతి కలదు. పొయ్యిచోటును, దంపుడు సాలయు, తెఱపియైన తావులన్నియు అందఱు అనుభవింపవలసినవి. ఉమ్మడిచోటునకు తన సాయము చేయనివానికిని, ఉమ్మడి యనుభవమునకు అడ్డుపడువానికిని పండ్రెండు పణముల దండనము. చెఱచువానికి దానికి రెట్టింపు. సాయము చేయనివాఁడును అడ్డుపడువాఁడును ఒక్క సూత్రములో సమానమైన దండనకుఁ బాత్రులగుట గమనింపుఁడు. చందా కట్టనివాఁ డొకఁడు, నీరు కట్టివేసినవాఁ డొకఁడు!

శాస్త్రముల సంగతి యట్లుండనిండు. శాస్త్రము చదువనివారికిని మన సీమలో ఈ యనుభవము కొల్లగాఁ గలదు. అగ్రహారములనఁగా నేమి? రాజులు ఊరినేలను వృత్తులుగా పాలుచేసి యిచ్చినవి. తామ్రశాసనములలో ఎవని కెన్ని వృత్తులో పేరుపేరున వ్రాసియుండును. పొలము ఎవనిది వానిది. చెఱువు, బీడు, దారి, దేవాలయము ఉమ్మడివి. ఉత్తరసర్కారులలో వీసబడి యను పద్ధతి యుండెడిది. సర్కారు శిస్తు ఊరికంతటికి మొత్తముగాఁ గట్టుదురు. ఎవరివంతు ఎన్ని వీసములో రైతులే తమలోఁ దాము పంచుకొందురు. వీసమనఁగా పదునాఱవ పాలు. నా వంతు హెచ్చైనది, వాని వంతు తగ్గినది యని వారు పడిన తగవులే నేఁడు చదరపు అడుగుల లెక్కతో చందా వేయవలెనా, ఇంటికింత యని వేయవలెనా యని మేడలలోని వారు పడుచున్నారు.

ఇఁక కాలువల సంగతి. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిరి. పిదప వైనతేయమును దాఁటించి గన్నవరము అక్విడక్టుమీఁదుగా మనకు గోదావరి నీరు వచ్చినది. ఆ ప్రాఁత కట్టడమునకు బదులుగా 2000లో తెఱచిన దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. పెద్ద కాలువ సర్కారుది, బోదె మనది. బోదె పూడిక తీయుటకు ఇంటికొక మనిషి రావలెను. రానివానిని ఏమి చేయవలెను? కౌటిల్యుఁడు దీనికి నొక త్రోవ చెప్పెను: కలిసి కట్టు సేతువుపని విడిచి తొలఁగినవాని కూలీలును ఎద్దులును పనిచేయవలెను, వ్యయములో వాఁడు పాలు పెట్టవలెను, ఫలములో వానికి పాలు లేదు. చెన్నపురి రాజ్యమున 1858వ సంవత్సరపు మొదటి చట్టము, ఊరివారు వాడుకగాఁ జేయవలసిన కుడిమరామత్తు పనిని తప్పించుకొనువారిని పట్టుకొనుటకును పుట్టినది. 1997లో మన రాష్ట్రమున నీటివినియోగదారుల సంఘముల చట్టము వచ్చినది. ఆయకట్టులో భూమి కలవాఁడు కావలెననినను వలదనినను సభ్యుఁడే. మీలో కొందఱు ఆ సంఘములకు అధ్యక్షులుగా నుండియుందురు. మేడలోని సంఘమును మీ రర్థము చేసికొనుటకు ఇంతకంటె మంచి పోలిక లేదు. నీరొక్కటే తేడా, అక్కడ తూమునుండి వచ్చును, ఇక్కడ తొట్టినుండి వచ్చును.

ఒకనిపై నొకఁడు ఇల్లు కలిగియుండుట విదేశములలో ఎప్పుడు ధర్మశాస్త్రమునకు ఎక్కినదో చూతము. ప్రాచీన రోమకుల సిద్ధాంతము వేఱు: నేల యెవనిదో నేలపై నున్నదంతయు వానిదే. ఆ సిద్ధాంతము వలన మీఁదియంతస్తునకు వేఱుగ యజమానుఁ డుండుట కష్టమైనది. ఫ్రాంసు దేశమున నెపోలియను 1804లో ప్రకటించిన ధర్మసంహితలో, ఒక యింటి యంతస్తులు వేఱువేఱు యజమానులకుఁ జెందినప్పుడు ఖర్చు లెట్లు పంచుకొనవలెనో యొక నియమము వ్రాసిరి. పెద్దగోడలును కప్పును అందఱు తమ తమ యంతస్తుల విలువనుబట్టి భరింపవలెను. ఎవఁడు నడచు నేలను వాఁడు చేయించుకొనవలెను. మొదటి యంతస్తు వాఁడు తన గుమ్మము వఱకు మెట్లు కట్టింపవలెను; రెండవ యంతస్తు వాఁడు అక్కడినుండి తన గుమ్మము వఱకు. తరువాత 1965లో వారు చేసిన చట్టమున, లిఫ్టువంటి సాధనముల ఖర్చు ఎవరికెంత ప్రయోజనమో దానినిబట్టి వేయవలెనని యున్నది. మన పెద్దమ్మగారు పారిసులో పుట్టియుండిన లిఫ్టు వంతు తప్పియుండును!

మన దేశమున పోకడ వేఱు. బొంబాయిలో గాందేవి యొద్ద సారస్వత సహకార గృహసంఘము 1915లో ఏర్పడినది. సహకార సంఘము కట్టడమునకు యజమాని, అందుండువారు సభ్యులు. ఇది మొదటి త్రోవ. స్థలము చాలని యా నగరములోనే బిల్డర్లు కట్టి అమ్ముట హెచ్చి, మోసములును హెచ్చెను. మహారాష్ట్రమున 1963లో నొక చట్టమును, 1970లో నింకొకటియు వచ్చినవి. ఉమ్మడిభాగములను నేను వాడుకొనుట లేదు, నాకక్కఱలేదు అని చెప్పి వంతు తప్పించుకొనరాదని 1970 చట్టము స్పష్టముగాఁ జెప్పుచున్నది. మన ఆంధ్రప్రదేశమున 1987లో అపార్టుమెంటుల చట్టము పుట్టినది. పునాదులు, స్తంభములు, పైకప్పు, మెట్లు, లిఫ్టు, నీటితొట్టి యివి ఉమ్మడిభాగములనియు, ఒక్కొక్క ఫ్లాటునకు వానిలో అవిభక్తభాగము కలదనియు అందు వ్రాసిరి. లిఫ్టు ఎక్కకున్నను లిఫ్టులో ఆమెకు పాలు కలదు. పాలు వద్దనుకొనుటకు వీలులేదు. ఫ్లాటు అమ్మునాఁడు ఆ పాలుతోఁగూడనే విలువ వచ్చును. ఈ విషయమున ఆమె వాదము నిలువదని నా యభిప్రాయము. ఆమెతోను అట్లే చెప్పితిని.

వ్యాజ్యము వచ్చినచో ఎక్కడికిఁ బోవలెను? ఇందు జనులు చాల తికమకపడుచున్నారు. సంఘము ఏ చట్టము క్రింద రిజిస్టరైనదో ముందు చూడవలెను. 1964 సహకారసంఘముల చట్టము క్రిందిదైనచో తగవు రిజిస్ట్రారు నెదుటికిఁ బోవును. 2001 సొసైటీల చట్టము క్రిందిదైనచో మధ్యవర్తుల మూలమునఁ దీర్చుకొనవచ్చును, లేదా జిల్లాకోర్టునకుఁ బోవచ్చును. తగవు సంఘముతోఁగాక బిల్డరుతోనైనచో 2016లో పార్లమెంటు చేసిన చట్టము కలదు; దానినే జనులు రెరా యనుచున్నారు. ఎనిమిదికి మించిన ఫ్లాటులున్నను, స్థలము అయిదువందల చదరపు మీటర్లకు మించినను ఆ కట్టడమును బిల్డరు ముందుగా నమోదు చేయింపవలెను. సగమునకు మించి ఫ్లాటులు కుదిరిన మూఁడు నెలలలో సంఘ మేర్పడునట్లు చూడవలెను, ఉమ్మడిభాగములను సంఘము పేర బదలాయింపవలెను. అప్పగించిన నాఁటినుండి అయిదేండ్ల లోపల కట్టడమున లోపము బయటపడినచో తన ఖర్చుతో బాగుచేయవలెను. బిడ్డలకు ఫ్లాటు కొనువారు ఈ మాటలు గుర్తుంచుకొందురుగాక.

పెద్ద న్యాయస్థానములు చెప్పిన తీర్పులలో రెండు మూఁడు మాత్రము చెప్పెదను. బొంబాయిలో నొక బిల్డరు స్తంభముల నడుమ బండ్లు నిలుపు చోటులను వేఱుగా అమ్ముకొనఁజూచెను. అది ఉమ్మడిభాగమే కాని వేఱుగా అమ్మఁదగిన సొత్తు కాదని 2010లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. ఢిల్లీ చేరువ నోయిడాలో ఫ్లాటులవారు, తమకు తోఁటగా చూపిన తావులో బిల్డరు తమ సమ్మతి లేక రెండు మహాసౌధములు లేపుచున్నాఁడని వ్యాజ్యము వేసిరి. 2021 ఆగస్టు 31న సుప్రీముకోర్టు వానిని పడఁగొట్టుమనెను. 2022 ఆగస్టు 28న వానిని మందుగుండుతో కొన్ని క్షణములలో నేలఁగూల్చిరి. అక్కడ సంఘము సభ్యులందఱి పక్షమున నిలిచి పోరాడినది. సంఘము లేకున్న ఒక్కొక్కఁడు విడివిడిగా అంత బలవంతునితో ఎంతకాలము తలపడఁగలఁడు? సంఘములను నిందించువారు ఈ సంగతిని మఱవరాదు.

మూఁడవది నా మనస్సునకు సులభముగా నెక్కని తీర్పు. అహమ్మదాబాదులో పారసీకుల గృహసంఘ మొకటి తమవారికిఁ దప్ప ఇతరులకు ఇండ్లు అమ్మరాదని నియమము పెట్టుకొన్నది. అందులోని యొక సభ్యుఁడు బయటివారికి అమ్మఁబూనెను. సంఘముగాఁ గూడుటకు పౌరులకు స్వాతంత్ర్యము కలదనియు, చేరినవాఁడు కట్టుబాటునకు లోఁబడినవాఁడే యనియు 2005లో సుప్రీముకోర్టు సంఘము పక్షమునఁ జెప్పెను. ధర్మశాస్త్రపు తర్కమునకు ఇది సరిపోవును. కాని మన యగ్రహారములును ఒకప్పుడు ఎవరు ఏ వీథిలో నడువవలెనో కట్టుబాటులు పెట్టినవే. ఆ కట్టుబాటులకు నాఁడు గణములోని వారందఱు సమ్మతించిరి. సమ్మతి యడుగఁబడనివారు వీథికి అవతల నిలుచుండిరి. వారి మనుమలకు నేను పాఠములు చెప్పితిని. కాఁబట్టి కట్టుబాటన్నంతనే నాకు తల వంగదు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున 530 ఫ్లాటులున్న యొక సముదాయములో ఒకామె మూఁడు పిల్లులను పెంచుకొనెను. నియమావళిలో పెంపుడు జంతువులు కూడవని యున్నది. సంఘము నెలనెల జరిమానా వేసెను. నా పిల్లులు నా గదులలోనే యుండును, ఎవరికేమి బాధ యని యామె వ్యాజ్యము వేసెను. 1994లో అక్కడి ఉన్నతన్యాయస్థానము, కొనునప్పటికే నమోదైన నియమము అన్యాయమని నిరూపింపనంతవఱకు నిలుచుననియు, ఒక్కొక్కరి ఇంటిని చూచి విడివిడిగా మినహాయింపు లియ్యరాదనియు సంఘమును గెలిపించెను. న్యాయాధిపతులలో నొకరు మాత్రము భిన్నాభిప్రాయము వ్రాసిరి. తరువాత ఆ రాష్ట్రపు శాసనసభ, 2001 మొదలుకొని క్రొత్తగా వ్రాసికొను లేక మార్చుకొను నియమావళులలో కనీస మొక్క పెంపుడు జంతువునైనను కాదనరాదని చట్టము చేసినది. కట్టుబాటును న్యాయస్థానము నిలిపినది; రాజధర్మము దానికి హద్దు గీచినది. యాజ్ఞవల్క్యుఁడు సామయికమును రాజకృతమును ఒక్కచోట నెందులకుఁ జెప్పెనో ఆ పిల్లుల వ్యాజ్యము చదివిన తరువాత నాకు మఱింత తెలిసినది.

ఇఁక మన యూరి సంగతి. మఱునాఁడు ఉదయమున నేను మరల ఆ కట్టడమునకుఁ బోయి కార్యదర్శిని ప్రక్కకుఁ బిలిచి, బృహస్పతి మాట వినిపించితిని. “అబ్బాయీ, బాకీ రావలసియున్న దావా వేయి. నీళ్లు కట్టే అధికారం నీకెవరిచ్చారు?” అని యడిగితిని. వాఁడు చిన్నఁబోయి, “అందరూ తీర్మానం చేశారండి” అనెను. అందఱు చేసినందుననే అది మఱింత తప్పని చెప్పితిని. ఆనాఁటి మధ్యాహ్నమే గొట్టము విప్పిరి. తరువాతి యాదివారము జమాఖర్చుల పుస్తకము తెచ్చి అందఱి యెదుట చదివిరి. దొంగతనమేమియు బయటపడలేదు, మోటారు మరమ్మతు మాత్రము రెండుమాఱులు పద్దుపడినది. రెండవపద్దు కొట్టివేసి, మిగిలిన సొమ్మును ఎక్కువ కట్టినవారికి సరిపెట్టిరి. పెద్దమ్మగారు ఏడు నెలల బాకీ లిఫ్టు వంతుతోఁగూడ అక్కడనే లెక్కపెట్టి యిచ్చెను. ఇచ్చునప్పుడు, “ఎక్కను గానీ ఇస్తాను” అని మాత్రమనెను.

ఆ కట్టడమున తగవులన్నియు తీఱినవని మీరనుకొనవలదు. మీఁది యంతస్తువాఁడు పైకప్పుమీఁద రేకుల పందిరి వేసి తాళము బిగించినాఁడు. కప్పు తనకే చెందునని బిల్డరు దస్తావేజులో వ్రాసియిచ్చెనని యతని మాట. తనది కానిదానిని బిల్డరు వ్రాసియిచ్చుట యెట్లని సంఘము మాట. ఇప్పుడు వేసవిలో వడియములు ఎండఁబెట్టుకొనుటకు ఎవరికిని చోటు లేదు. ఆ వ్యాజ్యము కోర్టులో నున్నది. రెండు వాయిదాలు గడచినవి. సంఘము పక్షమున కాగితములు చూచువారిలో పెద్దమ్మగారొకరు. వకీలునకుఁ జూపవలెనని నా యాజ్ఞవల్క్యస్మృతిని ఆమె అడిగి పట్టుకొనిపోయినది. ఇంకను తిరిగి యియ్యలేదు.